ఈశాన్యంలో గడ్డపార

నా ప్రమోషన్ ఆగిపోవడానికి కారణం మా ఇంటి ఈశాన్యమూల బోసిగా ఉండటమేనని ఒక వాస్తు పండితుడు తేల్చాడు. అక్కడ తులసికోట కట్టాలట, పునాది గొయ్యి యజమానే తవ్వాలట. తుర్కపల్లి ల్యాబులో రోజంతా సూక్ష్మజీవులతో కుస్తీ పట్టే నేను, ఇంత చదువూ చదివినవాణ్ణి, బుద్ధిగా తలూపి వచ్చాను. ఆదివారం పొద్దున బనీనుతో గడ్డపార పట్టుకుని దిగాను. మూడో పోటుకే నీళ్లు చిమ్మి మొహాన కొట్టాయి.

శామీర్‌పేట దగ్గరి మా కాలనీలో నీటి లైను మా ఇంటికి పడమటి వీధిలో ఉంది. తిన్నగా లాగితే సరిపోయే పైపును, నీళ్లు ఈశాన్యం నుంచే లోపలికి రావాలని పట్టుబట్టి ప్రహరీ చుట్టూ తిప్పించింది నేనే. నాలుగేళ్లలో ఆ సంగతి శుభ్రంగా మరిచిపోయాను.

వాల్వు కట్టేసి వచ్చి, తడిసిన బనీనుతోనే గడ్డపార పక్కకు జరిపి, గొయ్యిని ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాను. "నాలుగేళ్లకే పైపు పగిలింది. ఇదీ మన ప్లంబరు గారి పనితనం" అని రాశాను. అయ్యో అంటూ బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. నా మనసు కుదుటపడింది.

ఆ ప్లంబరుది దేవరయాంజాల్. మా కాలనీలో సగం ఇళ్లకు పైపులు వేసింది అతనే. కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు పైపుల పని ఎవరికివ్వాలో ఆ సాయంత్రమే మీటింగులో తేల్చాలి. అది తనకే వస్తుందని అతను ఎంత ఆశ పెట్టుకున్నాడో కాలనీలో అందరికీ తెలుసు.

ఫోను చేస్తే అరగంటలో వచ్చాడు. నా మెసేజు అప్పటికే ఎవరో చూపించినట్టున్నారు, ఆ ఊసే ఎత్తలేదు. గోతిలోకి దిగి నీళ్లు తోడి, పైపు మీద వేలితో తడిమాడు.

"దానంతటది పగిలితే పొడుగ్గ చీల్తది సార్. గిది పొడిచినట్టున్నది" అన్నాడు.

"ఎలకలేమో" అన్నాను. నా నోటికి అదే వచ్చింది మరి.

అతను గోడకు ఆనించిన గడ్డపార వైపు చూశాడు. "మీరే గద సార్, ఈశాన్యంలకెళ్లి తీస్కరమ్మన్నది" అన్నాడు నెమ్మదిగా. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నావైపు చూసింది. నేను ప్రహరీకి రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో పరిశీలించాను.

దెబ్బతిన్న ముక్క కోసి తీసేశాడు. అంచులు నునుపు చేసి, సొల్యూషన్ రాసి, కొత్త ముక్క అతికించాడు. ఆరేదాకా గంటసేపు వాల్వు తిప్పొద్దన్నాడు. వెళ్లబోతూ గేటు దగ్గర ఆగాడు.

"గ్రూపుల జర ఒక్క మాట రాయుండ్రి సార్. సాయంత్రం మీటింగున్నది గద."

"అయ్యో, తప్పకుండా" అన్నాను.

రాద్దామనే కూర్చున్నాను. 'నేనే గడ్డపారతో' అన్నంతవరకు టైపు చేశాను. ఆ మాట పక్కన నా పేరు, ఫొటో ఊహించుకున్నాను. అదంతా కొట్టేసి, "సమస్య పరిష్కారమైంది, అందరికీ ధన్యవాదాలు" అని పెట్టాను.

"రాశారా?" అంది మా ఆవిడ.

"మీటింగులో నోటితోనే చెబుతాలే. అదే మర్యాద."

"మీ మర్యాద నాకు తెలియనిదా" అని లోపలికి వెళ్లిపోయింది.

మీటింగులో అధ్యక్షుడు ఫోను తీసి, నా మొదటి మెసేజును గొంతు సవరించుకుని మరీ చదివాడు. ప్లంబరు వెనకాల గోడవారన నిలబడి నన్నే చూస్తున్నాడు. సిగ్గేసింది. లేచి నిజం చెప్పడానికి నిమిషం చాలు. ఆ నిమిషం నేను పకోడీలు నములుతూ గడిపాను. పని మేడ్చల్ నుంచి వచ్చిన కాంట్రాక్టరుకు ఇచ్చేశారు.

నేను తలెత్తేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. పైపుల నాణ్యత చూసుకోవడానికి అనుభవమున్న మనిషి ఒకరు కావాలని అధ్యక్షుడు అన్నాడు. అందరూ నా పేరే చెప్పి చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి దండం పెట్టాను.