జ్ఞానయ్య తొమ్మిదడుగుల ఫొటో

గోదావరిఖనిలో జ్ఞానయ్య ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఊరిబడిలో ఏడో తరగతి చదివి, ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిలో దిగి, మూడుసార్లు ఉత్తమ కార్మికుడి శాలువా కప్పించుకున్న మనిషి. రిటైరయ్యాక తాజ్‌మహల్ నుంచి చైనా గోడ దాకా ఆయన ఫోన్‌కు దొరకని కట్టడం లేదు. అన్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తీసిన పనోరమా ఫొటోలే. అన్నేండ్లు టోపీ లైటు పడినంత మేరే లోకాన్ని చూసినవాడికి మామూలు ఫొటో ఏం సరిపోతుంది?

ఒక్కటే చిక్కు. ఫోన్ ఎడమ నుంచి కుడికి తిప్పేలోపు ఎదుటివాళ్లు కదిలితే బొమ్మ చెడిపోతుంది. ఆయన భార్య సుగుణమణికి కదలకుండా నిలబడటం చేతకాదు. తాజ్‌మహల్ ముందు తల లేకుండా వచ్చింది. ఖాట్మండు స్తూపం ముందు మూడు చేతులతో వచ్చింది. ఆ ఫొటో కాలనీ అంతా తిరిగింది. మార్కెట్లో కూరగాయలమ్మే సారవ్వ కూడా "అక్కా, సంచి ఏ చేత్తోని పట్టుకుంటవ్?" అని అడిగింది.

కిందటేడు రిటైర్డ్ కార్మికుల సంఘం నుంచి జ్ఞానయ్యతో కలిపి పదకొండు మంది కాంబోడియాలోని అంగ్‌కోర్ వాట్‌కు బయల్దేరారు. వాళ్లతో సుగుణమణి. సంఘం హాల్లో తొమ్మిదడుగుల గోడ ఖాళీగా ఉంది. అక్కడ పెట్టే ఫొటో పని జ్ఞానయ్యకు అప్పగించారు.

"గోడ మీద మనుషులు గావాలె, ముక్కలు గాదు," అన్నాడు బాయిలో అందరి పనీ చూసుకున్న రిటైర్డ్ ఓవర్‌మన్ రఘుపతి.

సుగుణమణి ఇంకా గట్టిగా అంది: "ఇగో ఇను. ఈసారి నేను సక్కగ రాకుంటే ఆ గోడకు మేకు కొట్టనియ్య. నీతోని మళ్ల ఏ దేశం రాను."

 ఆమె లేకుండా జ్ఞానయ్య బస్టాండు దాకా కూడా ఒక్కడే పోయింది లేదు.

తెల్లవారుతుండగా గుడి ముందున్న కొలను ఒడ్డున అందరూ వరుసగా నిలబడ్డారు. ఎడమ కొసన సుగుణమణి, కుడి కొసన రఘుపతి. చీకట్లో నుదుటికి లైటు లేనిదే జ్ఞానయ్యకు అడుగు పడదు. అందుకే తలకు టార్చి కట్టుకున్నాడు.

"కదలకుండ్రి!" అన్నాడు. ఎవరు వింటారు? నర్సింగం చెయ్యెత్తి పాత సమ్మె కథ చెబుతున్నాడు. బిక్షం సకినాలు నములుతున్నాడు. రఘుపతి తల దువ్వుకుంటున్నాడు. గుడి శిఖరాల వెనక ఎరుపు వచ్చేసింది. ఇక ఆగితే అదీ పోతుంది. జ్ఞానయ్య ఫోన్ తిప్పాడు, బొమ్మ సగంలో తెగింది. మళ్లీ ఎడమకు తిరిగి మొదలుపెట్టాడు. ఫోన్‌తో పాటు తల, తలతో పాటు టార్చి.

అంతే, పదిమందీ రాళ్లయిపోయారు.

బాయిలో మాట వినిపించదు, లైటే మాట. అడ్డంగా ఊపితే ఆగాలి, కిందికీ మీదికీ ఊపితే కానివ్వాలి. ఆ సైగకు ఆగనివాడు రిటైరయ్యేదాకా బతకడు. నర్సింగం చెయ్యి గాల్లోనే ఉంది, బిక్షం నోట్లో సకినం ఆగింది, రఘుపతి జుట్టులో దువ్వెన ఆగింది.

సుగుణమణి ఎన్నడూ బాయి దిగలేదు. ఫోన్ తనను దాటగానే పక్కకు చూసి బెదిరిపోయింది. "ఓ యేసయ్యా, అందరికి ఒక్కసారే పక్షవాతమొచ్చినట్టున్నది!" అంటూ మొగుడి వెనకనుంచి ఆ కొసకు ఉరికింది.

"రఘుపతన్నా, ఏమైందే? దవాఖానకు పోదామా?"

రఘుపతి పెదవి కదలకుండా అన్నాడు: "సప్పుడు జెయ్యకక్కా. లైటు ఆగుమన్నది."

ఆమె హడలిపోయి ఉన్నచోటే బిగుసుకుంది. అప్పుడే ఫోన్ అక్కడికొచ్చింది.

జ్ఞానయ్య ఫొటోలో ఎడమ కొసనున్న భార్యను చూసుకుని మెచ్చుకోలుగా తలాడించాడు. టార్చి కిందికీ మీదికీ ఊగింది. పదిమందికీ ప్రాణమొచ్చింది. సకినం కరకరలాడింది. సమ్మె కథ ఆగినచోటినుంచి సాగింది.

రఘుపతి ఉరికొచ్చి ఫోన్‌లోకి తొంగిచూశాడు. "మళ్ల ఖరాబు జేసినవ్! ఇద్దరు సుగుణమణిలేందే?"

జ్ఞానయ్య మొహం మాడిపోయింది. అప్పుడు చూసుకున్నాడు, ఈ కొసనా భార్యే, ఆ కొసనా భార్యే. ఆకాశం చూస్తే తెల్లబడిపోయింది, ఇంకొకటి తీసే వీల్లేదు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

సుగుణమణి బొమ్మను పెద్దది చేసి ఎడమ కొస చూసింది. కుడి కొస చూసింది. వేళ్లతో సహా లెక్కపెట్టింది.

"తల ఉన్నది. చేతులు రెండే. గీడ గూడ రెండే," అంది. తర్వాత రఘుపతి వైపు తిరిగింది. "నేను రెండుసార్లొచ్చిన, రెండుసార్లు సక్కగొచ్చిన. నువ్వొచ్చిందే ఒక్కసారి, అది గూడ దువ్వెనతోని!"

ఆ ఫొటో ఇప్పుడు సంఘం హాల్లో ఉంది. దాన్ని బిగించిన రోజు మేకులు అందించింది సుగుణమణే. "కొసలు గట్టిగ కొట్టయ్యా," అంది జ్ఞానయ్యతో, "రెండు దిక్కుల నేనే ఉన్న."