తమ్ముడి కణాలు

ప్రయోగశాలలో అందరూ అక్కా అని పిలిచే ఆ మనిషి, కణాలు పెంచే వెచ్చటి పెట్టె తలుపు తీసేముందు వేలి కణుపుతో దాన్ని మెల్లగా తడుతుంది, లోపల ఎవరో పడుకున్నట్టు. రోగాలతో పోరాడే తెల్లకణాలను గాజు గిన్నెల్లో పెంచి, ఒక అంచున మత్తుమందు చుక్క వెయ్యడం ఆమె పని. కొన్ని గిన్నెల్లో ముందే ఆకురసం కలుపుతుంది, అది వాటిని కాపాడుతుందేమో చూద్దామని. చుక్క వేసిన ప్రతిసారీ గొణుగుతుంది: "ఇదే ఆఖరుసారి." ఆ మాట ఆమె తమ్ముడిది. మత్తుకు బలైపోయేముందు అతను పరీక్షకిచ్చిన రక్తంలోవే ఈ కణాలు. మనిషి ఎప్పుడో బూడిదయ్యాడు. కణాలు మాత్రం గిన్నెలో మెదులుతూనే ఉన్నాయి.

ఇవాళ కొత్తగా చేరిన అమ్మాయి సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, "ఆకురసం పనిచేసిందక్కా, ఒక్కటీ చావలేదు" అంది. అక్క వంగి చూసింది. ఆకురసం కాపాడిన కణాలన్నీ గిన్నె మధ్య ఖాళీ చేసి, చుక్క పడిన అంచుకే చేరి ముసురుకుని ఉన్నాయి. ఆమె చాలాసేపు కళ్లు తియ్యలేదు. తర్వాత, పక్కన అమ్మాయి ఉందన్న సంగతే మరిచి, ముద్దుగా విసుక్కుంది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నీది పుడకలతోనూ పోలేదు కదరా."