మూడు కుట్లకో ముడి

సిద్దిరాములు కాకకు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఉద్యోగం కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పదు.

ఆయన జమ్మికుంట పత్తి మార్కెట్లో ముప్పయ్యేళ్లుగా బోరాలు, అంటే పత్తి నింపిన పెద్ద సంచులు, కుట్టేవాడు. ఎడమచేతి వాటం. దబ్బనంతో మూడు కుట్లు వేసి ఒక ముడి, మళ్లీ మూడు, మళ్లీ ముడి. కాక కుట్టిన బోరా లారీ మీంచి పడినా కుట్టు ఊడదని హమాలీలు చెప్పుకునేవారు.

నేను ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేస్తాను. ఆ రోజుల్లో, ఫోన్లో ఆర్డరు పెడితే పోస్టులో మత్తుమాత్రలు వచ్చే దందా ఒకటి మా చేతికొచ్చింది. పట్టుబడిన పార్సిళ్ల మీద పేర్లు, ఊళ్లు అన్నీ దొంగవే. వేలిముద్రలూ లేవు. పైన గుడ్డ చుట్టి కుట్టిన కుట్టు మాత్రం అన్నిటికీ ఒక్కటే, మడతల్లో పత్తిపోగులు. ఇది బోరాలు కుట్టే ఎడమచెయ్యి అని తేల్చింది నేనే. ఎంత మిడిసిపడ్డానో!

పత్తి మార్కెట్లన్నీ తిరిగాం. జమ్మికుంటలో పోలీసులను దూరంగా నిలబెట్టి, ఆయనకు ఫొటో చూపించి, ఇంత చక్కటి కుట్టు ఎవరిది కాకా అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది.

“నాదే బిడ్డా. గిట్ల ముడేసెటోడు ఈ మార్కెట్ల ఇంకోడు లేడు.”

చెల్లెలి కొడుకు విద్యాధర్ ఆయుర్వేదం మందులని చెప్పి కుట్టించుకుపోతాడని కూడా తనే చెప్పాడు. అప్పుడు పిలిచాను పోలీసులను.

దొరికిన విద్యాధర్, మామకు అంతా తెలుసని బొంకాడు. కేసులో ఇద్దరి పేర్లూ ఎక్కాయి. పోల్చిచూడటానికి కాకతో ల్యాబులో ఒక గుడ్డ కుట్టించాలి. కుట్టు మార్చి వేస్తే ఆయన మీద కేసు నిలవదు. ఆ మాట ఆయన వకీలు ముందే చెప్పి పంపాడట.

ఆయన మార్చలేదు. మూడు కుట్లు, ముడి. ఎందుకు కాకా అన్నాను, ఉండబట్టలేక.

“గా గోలీలు మింగిన పిల్లలు ఎవలి పిల్లలో ఏమో. నేను కుట్టలే అంటె, రేపు మార్కెట్ల ఏ మొకంతోని కూసోవాలె?”

దారం తెంపి, గుడ్డ నా చేతికిచ్చాడు.

“ఆ దినం కుట్టు మంచిగున్నదంటివి గద బిడ్డా. నిజంగనే అన్నవా, నాతోని చెప్పిచ్చేటందుకా?”

రెండూ నిజమే. తల వంచుకుని, పార్సిళ్ల మీది కుట్టూ ఈ గుడ్డ మీది కుట్టూ ఒకే చేతివని రిపోర్టులో రాశాను.