అక్క మోసుకొచ్చిన నీళ్లు

అక్క పోయిందన్న కబురు నాకు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో అందింది. మా గూళ్లకు ఇంకా వేలం కాలేదు. ధర్మవరంలో కూతురింటికని పోయిన మనిషి, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కూర్చున్నచోటే ఒరిగిపోయిందట. ఫోనులో మా ఆయన ఏడుస్తున్నాడు. నాకు మాత్రం మొదట ఏడుపు రాలేదు. నిజమే రాస్తాను, పోయిన మనిషి గురించి అబద్ధాలెందుకు? మొదట నాకు తట్టింది, ఇంక దేవరకు నీళ్లు నేనే తీసుకుపోతాను కదా అని. ఆ తర్వాతే గూళ్ల పక్కన కూలబడి ఏడ్చాను.

అక్క అంటే నా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. మా ఇంటి దేవర పెనుకొండ అవతల గుట్టల్లో ఉంది. తారు రోడ్డు దిగి, బండిబాటలో గంటసేపు ఎగిరెగిరి పడుతూ పోవాలి. అక్కడ ఒక రాయి, దాని ముందు కాస్త చదును, అంతే. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ పోయి రెండు రోజులు ఉంటాం. నీళ్లు మా ఊరినుంచే పోవాలి. వాటిని తీసుకుపోయే హక్కు పెద్దకోడలిది. ఆమె నీళ్ల పక్కనే కూర్చుని వస్తుంది, మొదటి చెంబు దేవరకు పోస్తుంది, ఆ తర్వాత అందరూ ఆమె చేతి నీళ్లే తాగాలి. నేను చిన్నకోడలిని. ముప్పై ఏళ్లు గ్లాసు చాచి నిలబడ్డాను.

నేను కొత్తకోడలిగా పోయినప్పుడు ట్రాక్టరు, తర్వాత తర్వాత బొలెరో పికప్. బండి ఏదైనా ఆమె పద్ధతి మారలేదు. ముందురోజే ప్రతి క్యాన్ మూత తీసి ముక్కు పెట్టి చూసేది. పురుగుమందు వాసనో డీజిలు వాసనో ఏమాత్రం తగిలినా పక్కన పడేసేది. సగం నిండిన క్యాన్ బండిని ఊపుతుందని ప్రతిదీ మూతిదాకా నింపేది. కింద వరిగడ్డి పరిచి, పైన తడిపిన గోనెపట్టాలు కప్పేది. ఒకేసారి పెద్ద డ్రమ్ము పెట్టుకుంటే పోదా అని మా ఆయన అన్నాడొకసారి.

"అదొకటి పగిలితే అందరమూ నోళ్లెండి చస్తాము గదప్పా" అంది అక్క. "పది క్యాన్లయితే ఒకటి పోయినా తొమ్మిది ఉంటాయి."

రెండోరోజుకు తెచ్చుకున్న నీళ్లు ఎలాగూ చాలవు. దారిలో ఒక పొలంలో బోరు ఉంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. గుట్ట కింద ఒక వానకుంట ఉంది, నీళ్లు ఎర్రగా టీలా ఉంటాయి. మొదటి ఏడు నేను బిందె తీసుకుని బోరు దగ్గరికే బయలుదేరాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీళ్లు చూడాకుమే. ఈ నీళ్లు తాగేటోళ్ల పండ్లు చూడు."

ఆ పొలంవాళ్ల పిల్లలు నవ్వితే పళ్లన్నీ గోధుమరంగు మచ్చలు, ఆ బోరునీళ్లలో ఫ్లోరైడు. ఆమె కుంటనీళ్లే తెచ్చి, చిల్లగింజను రాతిమీద అరగదీసి, ఆ గంధం నీళ్లలో కలిపింది. మట్టి అడుక్కు దిగాక పైనీళ్లు వంచి, పాత నూలుపంచెను నాలుగు మడతలు వేసి వడగట్టి, కాచి చల్లార్చింది. అప్పటినుంచి ఏ ఊరికి పోయినా నేను ముందు మనుషుల పళ్లే చూస్తాను. అది ఆమె నాకిచ్చిన విద్య. తీసుకున్నందుకు కృతజ్ఞత ఉంది, ఆమె దగ్గర తీసుకోవలసి వచ్చినందుకు మంట కూడా ఉంది.

మీరు నవ్వుకున్నా సరే, నాకు ఆమెను చూస్తే కడుపుమంటే. చీరలకు కాదు, నగలకు కాదు, నీళ్లకు. నా కూతురు, నా కడుపున పుట్టింది, ఇంట్లో కూడా "పెద్దమ్మ నీళ్లయితేనే తాగుతా" అనేది. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె ఒక్కనాడు కూడా గొప్పలు పోలేదు. పోయుంటే నాలుగు మాటలు అని నా కడుపు చల్లబరుచుకునేదాన్ని.

ఒక ఏడు పంతం పట్టాను. హిందూపురంలో స్టీలు ఫిల్టరు కొన్నాను, పై గిన్నెలో నీళ్లు వడగట్టే తెల్లటి క్యాండిల్, కింది గిన్నెకు కొళాయి. చీర చుట్టి ఒళ్లో పెట్టుకుని పోయాను. రెండోరోజు కుంటనీళ్లు పై గిన్నెలో పోసి, "ఈపొద్దు ఎవురూ కాచేపని లేదు, నా నీళ్లు తాగండి" అని అందరికీ వినబడేట్టు చెప్పాను. అక్క వచ్చి మూత ఎత్తి చూసింది.

"బాగుండాది. పిల్లోళ్లు గుట్టెక్కిరి, పోయి పిలుచుకోనిరాపో" అంది.

నేను తిరిగొచ్చేసరికి అన్నాలకు కూర్చున్నారు. కొళాయి తిప్పితే తేటనీళ్లు. మా అత్త రెండు గ్లాసులు తాగి "చిన్నకోడలి నీళ్లు బాగుండాయే" అంది. బావ, అంటే అక్క భర్త, ఆయన కూడా తలూపాడు. ఆ మధ్యాహ్నం నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

సాయంత్రం ఫిల్టరు కడగబోతే క్యాండిల్ మొదలుకాడ అడ్డంగా విరిగి ఉంది. బండిబాటలో కుదుపులకు విరిగుంటుంది. పై గిన్నెకంతా ఎర్రమట్టి. కింది గిన్నెలో మాత్రం నలుసంత మట్టి లేదు. నేను గుట్టెక్కినప్పుడు ఆ గిన్నె తీసి కడిగి, తన నీళ్లు పోసిపెట్టింది అక్క. పొయ్యి దగ్గరున్న ఆమె ముందు ఆ విరిగిన క్యాండిల్ పెట్టాను.

"అందురూ నీ నీళ్లే తాగిరి గదా" అంది తలెత్తకుండా. "ఇంగేమి?"

ఇంట్లో ఎవరికీ నిజం చెప్పలేదు. ఓడిపోయి ఉంటే ఏదోరోజు మరిచిపోయేదాన్ని, గెలిపించి పెట్టింది మనిషి.

ఆమె పోయి మూడు నెలలు గడిచాక, మైల తీరిందని దేవర మాట వచ్చింది. అత్త నా వైపు చూసి, "ఇంగ నువ్వే మే. ఆ ఏడు నీ నీళ్లు ఎంత బాగుండె" అంది. ఒప్పుకుంటే అయిపోయేది. నావల్ల కాలేదు.

"ఆ నీళ్లు నావి కాదత్తా, అక్కవి. నా క్యాండిల్ విరిగిపోయినాది" అన్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. బావ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"తెలుసులేమ్మా. నువ్వు పిల్లోళ్ల కోసం గుట్టెక్కినప్పుడు మాకందరికీ చెప్పింది. పాపం ముచ్చటపడి తెచ్చుకొనింది, బాగుండాయనండి అని."

ఇన్నేళ్లు నేను దాచాననుకున్న గుట్టు కూడా ఆమెదే. అంత దుఃఖంలోనూ నాకు కడుపు భగ్గుమంది. అక్కా, పోయి కూడా పైచెయ్యి నీదేనా అనుకున్నాను.

ఈ ఏడు నీళ్లు నేనే తీసుకుపోయాను. అక్క చేసినట్టే అన్నీ చేశాను, ఒక్కటీ తప్పలేదు. దేవరకు మొదటి చెంబు పోసి తిరిగితే, బావ గ్లాసు చాచి నిలబడి ఉన్నాడు. పోశాను. ఆయన ఒక గుక్క నోట్లోకి తీసుకుని మింగలేదు. కళ్లు మూసుకుని అలాగే ఉంచుకున్నాడు. ఆ గుక్కలో ఆయన ఎవరికోసం వెతుకుతున్నాడో నాకు తెలుసు. చెంబు పట్టుకుని, ఆయన గొంతు కదులుతుందా అని చూస్తూ నిలబడ్డాను.