కీ తీసినా ఆగని ఇంజను

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, ఎండాకాలం సెలవులకు ముందు, ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను వర్క్‌షాప్ సూపరింటెండెంట్‌గా ఉన్నాను. పేరు పెద్దదే గాని, కాలేజీ వరుసలో లెక్చరర్‌కు ఒక మెట్టు కింద, అటెండర్‌కు ఒక మెట్టు పైన. షెడ్డులో ఏ యంత్రానికి ఏం జరిగినా సంతకం మాత్రం నాదే. నా దగ్గర యాదయ్య అనే అటెండర్ పనిచేసేవాడు. చదివింది ఏడో తరగతి. ఇంజను మోత విని అందులో రోగమేమిటో చెప్పగలిగేవాడు. ఈ మాట అప్పట్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ ఏడాది ఫైనలియర్‌లో షబానా అనే అమ్మాయి, ఆమెతో మరో ముగ్గురు కలిసి డీజిల్ కారును వంటనూనెతో నడిపే ప్రాజెక్టు తీసుకున్నారు. షబానా తండ్రి ఫంక్షన్ హాళ్లలో దావత్‌లకు వండే మనిషి. వేపుళ్లు అయిపోయాక మిగిలే నల్లటి నూనెను ఎక్కడ పారబోయాలో ఆయనకు తెలిసేది కాదట. ఆ నూనెను ఈ అమ్మాయి డబ్బాల్లో పోసుకుని బస్సులో తెచ్చేది. గుడ్డతో వడగట్టి, తడి పోయేదాకా కాచి, చల్లారాక మళ్లీ వడగట్టేది.

కారు కాలేజీదే, పాతది. దానికి రెండో ట్యాంకు బిగించాం. చల్లటి వంటనూనె డీజిల్ కంటే చిక్కగా ఉంటుంది కనుక ఇంజనులోకి సన్నగా చిమ్మదు. అందుకని ముందు డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక దాన్ని చల్లబరిచే నీటి గొట్టం వేడితోనే నూనెను కాగనిచ్చి, అప్పుడు వాల్వు తిప్పి నూనె మీదికి మార్చాలి. ఆపే ముందు మళ్లీ డీజిల్ మీదికి రావాలి. ఈ క్రమాన్ని నేను షబానా చేత ఎన్నిసార్లు చేయించానో లెక్కలేదు. కారు నడుస్తుంటే పొగగొట్టం దగ్గర మిర్చిబజ్జీల వాసన వచ్చేది. పదింటికే ఆకలి పుట్టిస్తోందని యాదయ్య గొణిగేవాడు.

రోజూ ఇంజనాయిల్ మట్టం చూసి రిజిస్టర్‌లో రాయడం యాదయ్య పని. డిప్‌స్టిక్ అనే సన్నటి పట్టీ మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. ప్రాజెక్టు పరీక్షకు నాలుగు రోజుల ముందు అతను నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆయిల్ పై గీత దాటింది. నేనైతే సుక్క గూడ పోయలే. దినాం పెరుగుతనే ఉంది. జర ఒకసారి చూడున్రి" అన్నాడు.

మా వృత్తిలో ఆయిల్ తగ్గితే అందరం కంగారుపడతాం. పెరిగితే కంగారుపడినవాణ్ణి నేను చూడలేదు. "మంచిదే గద యాదయ్యా, మనకే మిగిల్చి పెడుతున్నది" అని నవ్వాను. అతను నవ్వలేదు. నేను లేచి వెళ్లి చూడనూ లేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

పరీక్ష రోజు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే కాలేజీ నుంచి వచ్చాడు. కారు షెడ్డులో గోడకు ఎదురుగా, బానెట్ తెరిచి ఉంది. లోపలి భాగాలు ఆయనకు కనిపించాలని పిల్లలు గాలి ఫిల్టర్ డబ్బా విప్పేశారు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి బయటికి ఉంది. డ్రైవరు సీట్లో షబానా కూర్చుంది. వాల్వు మార్చడం, నడపడం అన్నీ సజావుగా జరిగాయి. ఫుల్ రేజ్‌లో పొగ ఎంత వస్తుందో చూపించమన్నాడు ఎగ్జామినర్. గేరు వేయకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదలడం పొగ పరీక్షలో మామూలే. కానిమ్మని షబానాకు తల ఊపాను.

ఆమె తొక్కింది. మోత లేచింది. చాలని చెయ్యి చూపించాను. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంది కనుక ఆమె కాలు తీసెయ్యడం నాకు కనిపించింది. మోత మాత్రం దిగలేదు. ఇంకా పైకి పోయింది. షెడ్డంతా పొగ కమ్మింది. షబానా కీ తిప్పింది. ఆ తర్వాత కీ బయటికి లాగి, పైకెత్తి నాకు చూపించింది. ఇంజను అరుస్తూనే ఉంది.

ఏం జరుగుతోందో నాకు అప్పుడు అర్థమైంది. పూర్తిగా మండని వంటనూనె మూడు నెలలుగా పిస్టన్ల పక్కనుంచి జారి, అడుగున ఇంజనాయిల్ ఉండే తొట్టిలో చేరింది. వేగం పెరిగేసరికి ఆ ఆయిలంతా తుంపరలై, తొట్టిలో ఆవిరి పోయే సన్న గొట్టం గుండా గాలి గొట్టంలోకి ఎగదన్నింది. ఇంజను ఇప్పుడు తన ఆయిల్‌నే తాగుతోంది. కీ ఆపేది ట్యాంకు నుంచి వచ్చే నూనెను మాత్రమే. దీనికి కీ లేదు. తొట్టి ఖాళీ కావాలి, లేదంటే ఇంజను పగలాలి. పగిలితే ఇనుప ముక్కలు ఎటు వస్తాయో ఎవరూ చెప్పలేరు.

నాకు విపరీతమైన భయం వేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో దీని గురించి చదివానే తప్ప చూడలేదు. దిగమని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఎగ్జామినర్, మిగతా పిల్లలు బయటికి పరుగెత్తారు. షబానా మాత్రం సీట్లోనే ఉండి, కీ మళ్లీ పెట్టి తిప్పుతూ, మళ్లీ తీస్తూ ఉంది. నా కాళ్లు కదలలేదు. నాదర్‌గుల్ నుంచి శిక్షణ విమానాలు మా మీదుగా తిరుగుతుంటాయి. ఏదో విమానం షెడ్డు మీదికే దిగుతోందని ఆఫీసులో వాళ్లు అనుకున్నారట.

కదిలింది యాదయ్యే. చేతికి దొరికిన గుడ్డల మూట తీసుకుని గాలి గొట్టం మీదికి ఉరికాడు. గుడ్డను ఆ గొట్టం మింగేస్తుంది, వెనకాల చేతినీ లాగుతుంది. అది చూశాకే నా కాళ్లు లేచాయి. అతని చొక్కా పట్టి వెనక్కి లాగాను. టేబుల్ మీద గట్టి అట్టతో బైండు చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఉంది. దాన్ని రెండు చేతులతో గొట్టం మూతికి అదిమిపెట్టాను. అట్ట లోపలికి వంగింది. కారు మొత్తం ఊగిపోయింది. గాలి అందక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

షబానా దిగి నా ఎదురుగా నిలబడింది. కీ ఇంకా పిడికిట్లోనే ఉంది. "కీ గుంజిన సార్. అయినా బందు గాలె. నేనేం తప్పు జేసిన?" అంది. "నీ తప్పు గాదు బిడ్డా. నువ్వు పొయ్యి నీళ్లు తాగు" అన్నాడు యాదయ్య.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిచారు. విద్యార్థిని యాక్సిలరేటర్ మితిమీరి తొక్కడం వల్ల ప్రమాదం జరిగిందని కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. నేను సంతకం పెడితే ఆమె ప్రాజెక్టు ఫెయిలు, ఏడాది వృథా. పెట్టకపోతే తప్పు ఎవరిదని అడుగుతారు. అప్పుడు నాకు మళ్లీ భయం వేసింది. ఇంజను ముందు వేసిన భయం నిమిషంలో పోయింది. ఇది మాత్రం కుర్చీలో కూర్చున్నంతసేపూ ఉంది. ప్రైవేటు ఉద్యోగం, పొమ్మంటే పోవాల్సిందే. చివరికి ఆ వాక్యం కొట్టేసి, ఆయిల్ పెరుగుతోందని అటెండర్ ముందే చెప్పాడని, నేను పట్టించుకోలేదని, రేజ్ చేయమన్నదీ నేనేనని రాసి సంతకం పెట్టాను.

నాకు మెమో వచ్చింది. ఏడాదిపాటు షెడ్డు బాధ్యత తీసేశారు. షబానా పాసయింది. నేనేదో త్యాగం చేశానని అనుకుంటూ ఈ సంగతి యాదయ్యకు చెప్పాను. "మీరు రాయకున్నా రిజిస్టర్ల నేను రాసిందైతే ఉంటుండె గద సార్" అన్నాడు.

షెడ్డు మళ్లీ నా చేతికి వచ్చాక ఒక నియమం పెట్టాను. ఇంజను ఆపి ఉండగా, గాలి గొట్టానికి చెక్క పలకను తన చేత్తో అదిమి చూపించనిదే ఎవరూ డ్రైవరు సీట్లో కూర్చోకూడదు. షబానాకు మూడు నెలలు స్టార్ట్ చేయడం నేర్పాను. ఆగకపోతే ఏం చేయాలో ఒక్క పూట కూడా నేర్పలేదు. ఆ పాఠం నేను చెప్పే వర్క్‌షాప్ సిలబస్‌లోనే ఉంది. పరీక్షలో అడగరని ఏటా ఆ పేజీ నేనే దాటేసేవాణ్ణి.