తాతగారి కుర్చీ, మధ్యలో ఐదు ముక్కలు

మా ముత్తాత కోటయ్యగారు గ్రామ మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత రాఘవయ్యగారు, నలభై ఎకరాల మిరప తోటలూ అంతకు తగ్గ మీసమూ ఉన్న మనిషి. పర్చూరు చుట్టుపక్కల ఏ తగువొచ్చినా మా వరండాలోకే వచ్చేది. అక్కడ రోజ్‌వుడ్ పడక కుర్చీలో తాతగారు కాళ్ళు చాపుకుని ఉంటే, వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడేవారు. ఆ కుర్చీలో ఇంటి పెద్ద తప్ప ఇంకొకరు కూర్చున్నది లేదు. నాన్నగారి తర్వాత అది నాకు వచ్చింది. మిగతావేవీ పెద్దగా రాలేదు కనుక దాన్ని చాలా నిండుగా వాడుకున్నాను. అలాంటి కుర్చీని ఒక ఆదివారం మధ్యాహ్నం, చేపల వేపుడు చల్లారేలోగా, ఎలా పోగొట్టానో చెబుతాను. నవ్వదలచినవారు నవ్వుకోవచ్చు. కాస్త మర్యాదగా.

అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం చేసే నా బావమరిది ప్రసాదు సెలవుకు వచ్చి, "బావా, వాడరేవు పోదాం. కొత్త పేకాట నేర్పుతా," అన్నాడు. మూడో చెయ్యి కావాలంటే సాంబయ్యను పిలిచాం. సాంబయ్య తండ్రి మా కల్లంలో మిరపకాయలు కాటా వేసేవాడు. కొడుకు పత్తి వ్యాపారంలో పైకొచ్చి కారు కొన్నాడు. ఆ రోజు మేం వెళ్ళింది ఆ కారులోనే. ముందు సీట్లో మాత్రం నేనే కూర్చున్నాను.

సముద్రం ఒడ్డున తాటాకు పాక, లోపల ఒక బల్ల, మూల చేపలు వేయించే పిన్నిగారు. గాలికి ముక్కలు ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక గులకరాయి. డబ్బులొద్దని ప్రసాదు తలా కొన్ని చింతపిక్కలు పంచాడు.

"చూడు బావా, చేతికి రెండే ముక్కలు. అవి ఎవరికీ చూపించకూడదు. మధ్యలో మొదట మూడు పరుస్తా, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. పరిచినప్పుడల్లా పందెం పెంచొచ్చు, వద్దనుకుంటే డ్రాప్ అయిపోవచ్చు. చివరికి నీ రెండూ మధ్యలో ఐదూ కలిపి ఏడింట్లో మంచి ఐదు ఏరుకోవాలి. రమ్మీలోలా వరసకి ఒకే రంగు అక్కర్లేదు."

"మధ్యలోవి ఎవరివి?"

"అందరివీ."

"అందరివీ అంటే?"

"అందరివీ అంటే అందరివీ! నీవీ, నావీ, సాంబయ్యవీ."

తలూపాను. బుర్రకెక్కలేదు. మా ఇంట్లో అందరిదీ అంటే మాదని అర్థం. ఊరి పోరంబోకులో మా గడ్డివాము ఉండేది, ఊరి బావి మీద మా మోటారు ఉండేది. పైగా నేను పదమూడు ముక్కల రమ్మీలో ఆరితేరినవాణ్ణి. అందులో కింద పడ్డ ముక్క ఎవరు తీసుకుంటే వాళ్ళదే. మూడోసారి అడగడానికి నామోషీ.

మొదటి గంటలో ఒక్కసారి కూడా డ్రాప్ కాలేదు. చేతికి రెండూ ఏడూ వచ్చినా పిక్కలు ముందుకే తోశాను. నా కుప్ప వేసవిలో చెరువులా దిగిపోయింది.

"బావా, ఆ ముక్కలకి ఎవడైనా డ్రాప్ అవుతాడు."

"మా వంశంలో డ్రాప్ అయినవాడు లేడురా."

"అవునవును. ఎకరాలే డ్రాప్ అయ్యాయి."

సాంబయ్య నవ్వలేదు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ మండింది.

అప్పుడు వచ్చారు నా చేతికి ఇద్దరు రాజులు. మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిది పడ్డాయి. సాంబయ్య పెంచాడు, ప్రసాదు డ్రాప్ అయ్యాడు, నేను సరేనన్నాను. నాలుగోది ఐదు. అక్కడికి నా పిక్కలన్నీ మధ్యలోకి పోయాయి. చివరి ముక్క తొమ్మిది.

మీరే చూడండి! ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. జోకరు కలవని అసలు సీక్వెన్సు! అది చాలదన్నట్టు చేతిలో ఇద్దరు రాజులు, పెళ్ళిపందిరి ముందు అరటి చెట్లలాగా. ఇక నన్ను కొట్టేవాడెవడు?

సాంబయ్య తన కుప్పంతా ముందుకు జరిపాడు. "అబ్బాయిగారూ, మీ పిక్కలు అయిపోయినట్టున్నాయండి. పోనీ, వదిలేయండి."

"వదిలేయడమేంటి? పిక్కలు లేకపోతే వరండాలో కుర్చీ ఉంది."

ప్రసాదు నోట్లో చేపముక్క ఆగిపోయింది. "బావా! చింతపిక్కలకి కుర్చీ ఏంటి? అక్క చంపేస్తుంది!"

"నువ్వు డ్రాప్ అయ్యావుగా, నోరుమూసుకో."

సాంబయ్య తన ముక్కల మీద గులకరాయి సర్ది నావంక తిరిగాడు. "తాతగారి కుర్చీయేనా అండి? మా నాన్న దాని ముందు నిలబడే కూలి తీసుకునేవాడు. ఆలోచించుకోండి."

"ఆలోచించే అన్నాను."

"సరేనండి."

"షో!" అని రాజులిద్దరినీ బల్ల మీద కొట్టాను. "ఐదు నుంచి తొమ్మిది దాకా సీక్వెన్సు, పైన ఇద్దరు రాజులు!"

ప్రసాదు తల పట్టుకున్నాడు. "బావా, ఆ సీక్వెన్సు ఇక్కడ ఎవడు కూర్చున్నా ఉంటుంది. చేపలు వేయించే ఆ పిన్నిగారిని కూర్చోబెట్టినా ఉంటుంది. అవి అందరివని చెప్పానుగా! నీ రాజులకి అందులో పనే లేదు."

రాజులిద్దరినీ దగ్గరికి లాక్కున్నాను. "అయితే సాంబయ్యకీ అదే కదా. ఇద్దరం సమానం." మా వంశంలో ఆ మాట వాడిన మొదటివాణ్ణి బహుశా నేనే.

సాంబయ్య తన ముక్కలు తిప్పాడు. పది, జాకీ. మధ్యలోని ఏడు, ఎనిమిది, తొమ్మిదితో కలిపితే జాకీ దాకా అతనిదే పెద్ద వరస.

మర్నాడు పొద్దున్నే సాంబయ్య ట్రాక్టరుతో వచ్చాడు. "సరదాకి అనుకున్నాం. వదిలేద్దామండి," అన్నాడు.

"మా ఇంట్లో మాట వెనక్కి తీసుకోరు."

"మాట ఒక్కటేగా మిగిలింది," అంది లోపలినుంచి మా ఆవిడ.

తాతగారి తర్వాత వరండాకి కటకటాలు పెట్టించాం. ఏ పక్కకు తిప్పినా కుర్చీ ఆ కటకటాల తలుపులోంచి బయటికి రాలేదు. నలుగురు మనుషులు గంటసేపు తిప్పారు. చివరికి సాంబయ్య చెమట తుడుచుకుని, "ఇక్కడే ఉండనీయండి. అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటా," అన్నాడు.

ప్రతి ఆదివారం వచ్చాడు. కాళ్ళు చాపుకుని కాఫీ తాగేవాడు. పక్కనున్న చెక్కబల్ల కుర్చీ కన్నా కురచ. దాని మీద కూర్చుంటే చిన్నతనమని నేను నిలబడే మాట్లాడేవాణ్ణి. రెండో వారం మా ఆవిడ చెవిలో అంది: "కూర్చోండి. తగువు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళలా ఉన్నారు." కూర్చున్నాను.

కాబట్టి నా పూర్వీకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మధ్యలో పరిచినవాటిని ఈ జన్మలో మళ్ళీ నావని లెక్కపెట్టను. అర్థం కాని సంగతిని ముప్పైసార్లయినా అడుగుతాను. చేతికి రాజులొస్తే ఒక నమస్కారం పెట్టి, ముక్కలు కింద పెట్టి, చేపలు తింటాను.

ఆ మరుసటి వేసవిలో ఇల్లూ, కల్లమూ, కటకటాలతో సహా వరండా అమ్మేశాం. కుర్చీ అమ్మలేదు. అది మాది కాదు.