నవరంగి పిట్ట కోసం శ్మశానానికి వెళ్లిన ఉదయం

చలికాలంలో మనవైపు వచ్చే నవరంగి పిట్టను ఒక్కసారైనా కళ్లారా చూడాలని మా అక్కకు ఎప్పట్నుంచో కోరిక. రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుని తినే ఆ పిట్ట మనుషులు తిరిగేచోట నిలవదు. భావనపాడు వెళ్లే దారిలో ఓ పల్లె శ్మశానంలో కనిపించిందని తెలిసినాయన చెప్పగానే ఇద్దరం బయల్దేరాం. అక్కకు మోకాలి ఆపరేషనై ఏడాది కాలేదు. నడవగలదు గానీ పరిగెత్తలేదు.

విజయనగరంలో తొలి బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, ఎనిమిదిన్నరకి టెక్కలిలో దిగాం. అక్కడే ఇడ్లీ తిని, రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు సింహాచలం దారంతా నవ్వుతూనే ఉన్నాడు. "సచ్చినోళ్ల కాడ పిట్టలేటమ్మా?" అన్నాడు. శ్మశానం దగ్గర ఆటో ఆపాక మాత్రం నవ్వలేదు. "ఈ జీడితోటల్లో ఎలుగు తిరుగుతన్నాదంట. పిల్లతోటి ఉన్నాదంట. బేగి వచ్చీండి."

మంచు ఇంకా విడలేదు. సమాధుల మధ్య కాలిబాట పట్టుకుని లోపలికి వెళ్లాం. చింతచెట్టు కింద ఆకులు కదిలాయి. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎర్రటి మెరుపు. "అదేనే!" అంది అక్క గుసగుసగా. నేను బైనాక్యులర్స్ ఎత్తేలోపే పిట్ట ఎగిరిపోయింది. దాన్ని బెదరగొట్టింది మేం కాదు.

పక్కనుంచి గురకలాంటి చప్పుడు. ఓ కొత్త సమాధి దగ్గర నల్లటి ఎలుగుబంటి, వీపు మీద పిల్ల. ఎవరో పెట్టిన అరటిపళ్లు తింటోంది. మాకూ దానికీ మధ్య రెండే సమాధులు. "పరిగెత్తకు," అని అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఒక్కో అడుగే వెనక్కి వేశాం. దాని ధ్యాసంతా తిండి మీదే. ఇంకాస్త జరిగితే బయటపడతాం.

అప్పుడే అటువైపు గట్టు మీద ఒకావిడ కనిపించింది. చేతిలో స్టీలు గిన్నె, తలవంచుకుని నేరుగా ఆ సమాధికే వస్తోంది. అరిస్తే ఎలుగు మా మీదికొస్తుంది. నేను అక్కవైపు చూశాను.

"ఓలమ్మా, ఆగు! ఎలుగు!" అక్క అరిచింది.

ఎలుగు మావైపు తిరిగి వెనక్కాళ్ల మీద లేచింది. ఆ గోళ్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఒక్కసారిగా మా మీదికి ఉరికింది. నేను అక్క భుజంలో మొహం దాచుకున్నాను. అటునుంచి ఆవిడ మూతతో గిన్నెను దబదబా బాదుతోంది, రోడ్డు మీంచి సింహాచలం ఆపకుండా హారన్ కొడుతున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎలుగు జీడితోటలోకి పోతోంది, పిల్ల వీపునంటుకునే ఉంది.

"మా ఆయన సమాదమ్మా," అందావిడ రొప్పుతూ. "పాయసవంటే పేణం ఆయనకి."

"ఇప్పుడొద్దమ్మా, మళ్లీ వస్తుంది," అన్నాను.

"పెట్టకండా ఎల్తే నాకు ముద్ద దిగదమ్మా."

ఆకు పరిచి పాయసం వడ్డించింది. సింహాచలం కూడా వచ్చాడు. మేం ముగ్గురం ఆవిడ చుట్టూ, సమాధికి వీపు పెట్టి, తోటవైపే చూస్తూ నిలబడ్డాం. ఆకు కదిలితే చాలు, నా గుండె ఆగినంత పనయ్యేది. అయినా ఆవిడను తొందరపెట్టాలని ఎవరికీ అనిపించలేదు. ఆమె భర్తతో ఏదో మెల్లగా చెప్పుకుంటూనే ఉంది.

మీరూ వెళ్లాలనుకుంటే ఎండ బాగా ఎక్కాక, ఊళ్లోవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ చుట్టుపక్కల ఎలుగు తిరుగుతోందని వాళ్లంటే, పిట్ట సంగతి మరచి అక్కణ్నుంచే వెనక్కి తిరగండి.